గడప అవతల కీబోర్డు

ఆ రోజుల్లో నేను చాలా కుర్రవాణ్ణి. యాభై ఏడో ఏడు నడుస్తోంది. నవ్వకండి. మనిషికి రెండు కుర్రతనాలుంటాయని నా సిద్ధాంతం. మొదటిది పెద్దవాళ్ళ భయంతో గడిచిపోతుంది, రెండోది ఉద్యోగం మానేసిన మర్నాడు మొదలవుతుంది. మొదటిదాంట్లో చెప్పుకోదగ్గ ఘనకార్యం నేనేదీ చెయ్యలేదు. లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో ఫైళ్ళ మధ్య జుట్టు నెరిపించుకుని, ఇక చాలని ముందే విరమణ తీసుకుని ఇంట్లో కూర్చున్నాను. వారం తిరక్కుండానే మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏంటండీ, పగలంతా ఇలా ఎదురుగా కూర్చుంటే నాకు చారులో ఉప్పు వేశానో లేదో గుర్తుండట్లేదు. కాస్త అలా ఎటైనా వెళ్ళి రండి" అంది. పంజగుట్టలో మా ఫ్లాటు నుంచి 'అలా ఎటైనా' వెళితే చేరేది అమీర్‌పేటే. మెట్రో ఇంకా రాలేదు, నడకే. అలా నడిచి నడిచి నేను అమీర్‌పేటలో పెద్ద చదువులు చదివాను. హార్డ్‌వేరు చదివాను, నెట్‌వర్కింగు చదివాను, జావా చదివాను, పేరు కూడా పలకలేని మరికొన్ని చదివాను. ఈ రోజుకీ మా బంధువుల్లో కొందరు నన్ను కంప్యూటరు ఇంజనీరనుకుంటారు. (వాళ్ళను సరిదిద్దే ఓపిక నాకు లేదు.)

సరే, మీరు నా మనుషులు కాబట్టి చెబుతాను. నేను చదివినవన్నీ ఫ్రీ డెమోలు. అమీర్‌పేటలో ఒక పద్ధతి ఉంది. ఏ కోర్సుకైనా మొదటి క్లాసు ఉచితం. నచ్చితే కౌంటరు దగ్గర ఫీజు కట్టి మర్నాటి నుంచి రావాలి, నచ్చకపోతే మెట్లు దిగి వెళ్ళిపోవచ్చు. నాకు ప్రతీదీ నచ్చేది, అయినా మెట్లు దిగి వెళ్ళిపోయేవాణ్ణి. మంచి ఏసీ గది, మెత్తటి కుర్చీ, చెప్పేవాడికి మొదటి రోజు ఉండే ఉత్సాహం, ఇంతకన్నా చదువుకు కావలసిందేముంది? కాగితాలు పంచే కుర్రాళ్ళు నన్ను దూరం నుంచే గుర్తుపట్టి, "డెమో అంకుల్ వస్తుండు, కాయితం దాచిపెట్టురా" అనుకునేవారు. దాంతో నా పాండిత్యం ఒక విచిత్రమైన ఆకారంలో తయారైంది. ప్రపంచంలోని ప్రతి విద్యలోనూ మొదటి పాఠం నాకు క్షుణ్ణంగా వచ్చు. రెండో పాఠం ఒక్కదాంట్లోనూ రాదు.

ఆ డెమోల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది హార్డ్‌వేరు డెమో. ఒక బక్కపల్చటి అబ్బాయి చొక్కా చేతులు మడిచి, లాప్‌టాప్‌ని గారడీవాడు టోపీ చూపించినట్టు నాలుగు వైపులా చూపించి, మాట్లాడుతూ మాట్లాడుతూనే దాని కీబోర్డు ఊడదీసి చేతిలో పెట్టేవాడు. ముప్పావు గంటసేపు ఎవరూ ఊపిరి పీల్చేవారు కాదు. ఆ డెమోకి నేను చాలాసార్లు వెళ్ళాను. ఆ అబ్బాయినే మా అమ్మాయికి ఏరికోరి చేసుకున్నానని, 'చూడగానే పసిగట్టాను' అని నేను పెళ్ళిలో అందరికీ చెప్పుకున్నాను. (నిజానికి వాళ్ళిద్దరూ బస్సు స్టాపులో ఒకరినొకరు ఏరుకుని, కోరుకుని, ఆ తరువాత మాకు చెప్పారు. వాళ్ళది మగ్గాల ఊరు, తండ్రికి బట్టల వ్యాపారం. మాది కోస్తా. మా ఆవిడ రెండు రోజులు మౌనం పాటించి, ఆ అబ్బాయి మా ఇంటికొచ్చి రెండోసారి పప్పు వేయించుకున్నాక ఒప్పుకుంది.) అతను మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు సోఫాలో సర్దుకుని కూర్చుని, నన్ను చూసి ముఖం వెలిగించి, "నమస్తే అంకుల్, మీరు మా డెమోకి మస్తుసార్లు వచ్చిండ్రు కదా" అన్నాడు. మా ఆవిడ నా వైపు తిరిగింది. "చదువుతున్నానన్నారు, డెమో ఏంటండీ?" అంది. నేను కాఫీ చల్లారిపోతోందన్నాను.

పెళ్ళయిన తరువాత మొదటి ఆషాఢం వచ్చింది. ఆనవాయితీ ప్రకారం అమ్మాయి పుట్టింటికి వచ్చేసింది. ఆషాఢంలో అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు కదా, ఆ విషయంలో మా ఆవిడ చాలా ఖచ్చితం. మిగతావాళ్ళ అల్లుళ్ళు ఏ ఊళ్ళోనో ఉంటారు, నెల ఇట్టే గడిచిపోతుంది. మావాడు అమీర్‌పేటలో ఉంటాడు. మా మేడ మీద నిలబడి గట్టిగా పిలిస్తే పలుకుతాడు. (పలకడు లెండి, ఫ్లైఓవరు మీది హారన్లలో పక్కింటివాళ్ళే పలకరు. కానీ అంత దగ్గర.) రోజూ సాయంత్రం మా వీధి చివర ఇరానీ హోటల్లో ఒక కుర్రవాడు చాయ్ ముందు పెట్టుకుని మా బాల్కనీ వైపు చూస్తూ ఉండేవాడు. సరిగ్గా అదే వేళకు మా ఇంట్లో కరివేపాకు అయిపోయేది. అమ్మాయి తేవడానికి కిందికి వెళ్ళేది. ఆ నెలలో మా ఇంట్లో పోగైన కరివేపాకుతో మా ఆవిడ పొడి కొట్టి అపార్ట్‌మెంటంతా పంచిపెట్టింది, ఒక్క మాట అడగలేదు.

ఇక ఆ బోనాల ఆదివారం సంగతి. మా అమ్మాయి బంజారా హిల్స్‌లో ప్రకటనలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరింది. పర్మనెంటు చేస్తారా, వెళ్ళి రమ్మంటారా అన్నది ఒక పెద్ద కస్టమరుకు ఆమె తయారుచేస్తున్న ఫైలు మీద ఆధారపడి ఉంది. సాయంత్రం ఐదింటికల్లా పంపాలి, సోమవారం పొద్దున్నే మీటింగు. ఫైలు దాదాపు అయిపోయింది, అదంతా ఆమె లాప్‌టాప్‌లోనే ఉంది. భోజనాలయ్యాక మళ్ళీ పనికి కూర్చుందో లేదో, ఒక మీట కిందికి దిగి పైకి లేవనంది. తెర నిండా ఒకే అక్షరం చీమల బారులా పాకుతూ పోతోంది. ఆపి మళ్ళీ పెడితే పాస్‌వర్డు గడిలో కూడా అదే బారు. వేరే కీబోర్డు తెచ్చి తగిలించినా లోపలి మీట నొక్కుకునే ఉంటుంది కాబట్టి లాభం లేదట. బాగుచేసే దుకాణాలన్నీ పండగకు షట్టర్లు దించేశాయి. అమ్మాయి ముఖం చిన్నపిల్లప్పుడు బలపం విరిగినప్పటిలా అయిపోయింది.

"నేనుండగా దుకాణం దేనికే?" అన్నాను.

"నాన్నా, ప్లీజ్. మీరు దాన్ని ముట్టుకోకండి."

"ఇంజనీరును పట్టుకుని ముట్టుకోవద్దంటావేంటి?"

"ఫీజు కట్టని ఇంజనీరు" అంది మా ఆవిడ, చేగోడీల పళ్ళెం కూతురి పక్కకు జరుపుతూ.

కానీ వేరే దారి లేదు. అమ్మాయి నిట్టూర్చి లాప్‌టాప్ నా ముందు పెట్టింది. నేను నేల మీద తెల్ల పంచె పరిపించాను, కుట్టుమిషను పెట్టెలోంచి చిన్న స్క్రూడ్రైవరు తెప్పించాను, చేతులు కడుక్కున్నాను. తరువాత జరిగింది చూసినవాళ్ళు జన్మలో మరిచిపోరు. నా చేతులు మెరుపుల్లా కదిలాయి. బ్యాటరీ తీశాను, వెనక స్క్రూలు తీసి పళ్ళెంలో వరసగా పేర్చాను, మీటల పైన ఉండే సన్నటి పట్టీని చెంచా కాడతో లేపాను, కీబోర్డును కోడిపిల్లను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తాను. కింద నుంచి కాగితం లాంటి రిబ్బను ఒకటి యంత్రంలోకి పోతోంది. దాని కొస దగ్గరి చిన్న నల్ల క్లిప్పును గోటితో పైకి లేపి రిబ్బను లాగేశాను. మా అమ్మాయి నోరు తెరిచి, "నాన్నా, మీకు నిజంగా వచ్చా?" అంది. (మెరుపులన్నది కొంచెం ఎక్కువైంది. ఒక స్క్రూ మంచం కిందికి దొర్లితే మా ఆవిడ చీపురుతో తీసిచ్చింది. తక్కినదంతా నిజం.)

కీబోర్డును తలకిందులు చేసి వీపు మీద తట్టాను. చేగోడీ ముక్కలు రాలాయి, నువ్వులు రాలాయి, ఒక కరివేపాకు ఈనె కూడా రాలింది. దిగిపోయిన మీట టక్కున పైకి లేచింది.

"ఆ నువ్వులు నావి కావు. నా చేగోడీల్లో వామే వేస్తాను" అంది మా ఆవిడ.

"సరేలే అమ్మా. నాన్నా, తొందరగా బిగించండి, టైమవుతోంది."

నేను రిబ్బను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. సీలింగు ఫ్యాను తిరుగుతోంది. బిగించడం. అక్కడే నా చదువు ఆగిపోయింది. డెమోలో ఆ అబ్బాయి రిబ్బను లాగి, కీబోర్డు పైకెత్తి చూపించి, చప్పట్లు మోగుతుండగా, "తిరిగి ఎట్ల పెట్టాలన్నది రేపటి క్లాసుల చూద్దాం. ఇష్టమున్నోళ్ళు కౌంటర్ కాడికి పోండి" అనేవాడు. ఎన్నిసార్లు వెళ్ళినా అక్కడే అనేవాడు. పైకి మాత్రం "దీన్ని కాస్త ఆరనివ్వాలి" అన్నాను. తడిసిందే లేదు, ఆరడమేంటని అమ్మాయి అడిగింది. ఇక తప్పక రిబ్బనును దాని సందులోకి తోశాను. వెళ్ళనంది. గట్టిగా తోశాను. వంగింది. ఈ తొక్కిసలాటలో స్విచ్చి ఉన్న పై పట్టీ తాలూకు సన్న రిబ్బను కూడా ఊడి బయటికొచ్చింది. ఇప్పుడు మీటలు లేవు, స్విచ్చి కూడా లేదు. అప్పటిదాకా ఒక్క మీటకే జబ్బు చేసిన యంత్రం, నా వైద్యంతో శవాసనం వేసింది. అమ్మాయి తిట్టి ఉంటే బాగుండేది. కళ్ళు తుడుచుకుని ఫోను తీసింది.

అల్లుడు అమీర్‌పేట నుంచి బోనాల జనంలో పడి రావడానికి ఎంతసేపు పడుతుందోనని నేను లెక్కలు వేస్తుండగానే తలుపు చప్పుడైంది. ఇరానీ హోటల్లోనే ఉన్నట్టున్నాడు. మా ఆవిడ పరుగున వెళ్ళి తలుపు తీసి, రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"రండి బాబూ, రండి. లోపలికి మాత్రం రాకండి."

"ఫికర్ చెయ్యకుండ్రి అత్తమ్మా, నేను గీడనే కూసుంట" అంటూ అతను మెట్ల మలుపులో, మా గడపకు అవతల, గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "మామయ్యా, లాప్‌టాప్ గిట్ల ఇయ్యుండ్రి."

నేను లాప్‌టాప్ ఎత్తి అందించబోయాను. మా ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. "గడపకు అటూ ఇటూ నిలబడి ఇచ్చిపుచ్చుకుంటారా ఎక్కడైనా?"

ఇదిగో, ఇదీ మా ఇంటి రాజ్యాంగం. అల్లుడు లోపలికి రాకూడదు, వస్తువు గడప మీదుగా వెళ్ళకూడదు. గడియారం నాలుగు దాటింది. అమ్మాయి తల్లి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపులో ఏముందో కానీ మా ఆవిడ క్షణం ఆలోచించి, కొంగు బిగించి, గడప దాటి బయటికెళ్ళి అల్లుడి పక్కన మెట్టు మీద కూర్చుంది. "నేనూ బయటికొచ్చేశాను. ఇక ఏ గడపా లేదు. పట్రండి అన్నీ" అంది. పంచె, స్క్రూల పళ్ళెం, యంత్రం, చేగోడీలు, నేను, అమ్మాయి, అందరం మెట్ల మలుపులోకి కాపురం మార్చాం. లిఫ్టు లేని బిల్డింగు కాబట్టి పై అంతస్తు పిన్నిగారు బోనాల నుంచి తిరిగొస్తూ పసుపు పాదాలతో మా మధ్య నుంచి జాగ్రత్తగా దాటుతూ, "ఏంటండీ, ఇల్లు ఖాళీ చేయించేశారా?" అని అడిగి వెళ్ళింది.

అల్లుడు యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. రిబ్బను చూశాడు, దాని సందు చూశాడు, నన్ను చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. కాసేపటి కింద అదే చూపు నా ముఖం మీద ఉంది.

"మంచినీళ్ళు కావాలా బాబూ?" అని మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళగానే, అమ్మాయి ఫోనులో వాళ్ళ ఆఫీసుకు ఏదో సర్దిచెబుతుండగా, అతను నా చెవి దగ్గరికి వంగాడు.

"మామయ్యా, మీకొక్కలకే చెప్తున్న. నేను డెమోలే చెప్త. అసలు క్లాస్ ఇంకో సార్ చెప్తడు."

"అంటే?"

"అంటే విప్పుడే నా పని. నేను పోయినంక ఆ సార్ వచ్చి బిగిస్తడు. నేను మంచిగ మాట్లాడ్త అని నన్ను డెమోలకే పెట్టిండ్రు."

నేను అతని వైపు చూశాను. నా జీవితంలో ఒక మనిషిని అంత దగ్గరివాడిగా ఎప్పుడూ అనుకోలేదు. నా కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. అతను మాత్రం నవ్వడం లేదు. "పెండ్లప్పుడు అత్తమ్మకు ఫాకల్టీ అని చెప్పిన. ఇప్పుడు మీ బిడ్డ జాబు పోతే నా ముఖం ఎట్ల జూపియ్యాలె?" అన్నాడు. అప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఫైలు సంగతి నిజం, కూతురి కళ్ళు నిజం, మేమిద్దరం మాత్రం మొదటి పాఠం దగ్గరే చప్పట్లు కొట్టించుకునే మనుషులం.

"నాకా సంగతి ఎప్పుడో తెలుసు" అన్నది పై మెట్టు మీద నుంచి అమ్మాయి, ఫోను పక్కన పెట్టి. "పెళ్ళికి ముందే నేను వెనక వరసలో కూర్చుని నీ డెమో చూశాను. నాన్న ముందు వరసలో ఉన్నారు. మీ ఇద్దరి సంగతీ నాకు తెలుసు. ఇప్పుడు ఏం చేద్దాం చెప్పండి."

మంచినీళ్ళ గ్లాసుతో మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. గ్లాసు అల్లుడికి గడప మీదుగా ఇవ్వకుండా బయటికొచ్చి ఇచ్చి, మెట్టు మీద కూర్చుని, "విప్పడం వచ్చు కదా బాబూ?" అంది.

"వచ్చత్తమ్మా. నిద్రల లేపినా విప్త."

"ఎలా విప్పుతారో నోటికి వచ్చు కదా?"

"మొత్తం నోటికొస్తది."

"అయితే ఆ పాఠం చివరి నుంచి మొదటికి చెప్పండి. వచ్చిన దారినే వెనక్కి పోవడానికి ఇంకో క్లాసెందుకు? ఈయన చేస్తారు."

అల్లుడు కళ్ళు మూసుకున్నాడు. జపం చేస్తున్నట్టు పెదవులు కదిపాడు. తన డెమోను అతనెప్పుడూ ఇటు నుంచి చూసినట్టు లేదు. "ఇష్టమున్నోళ్ళు కౌంటర్ కాడికి పోండి" అన్నాడు ముందు, మాట తప్పిపోకుండా. "అది వదిలెయ్" అంది అమ్మాయి. "దానికి ముందు, రిబ్బన్ బయటికి గుంజాలె. అంటే ఇప్పుడు లోపల పెట్టాలె." పెట్టాను, వెళ్ళలేదు. "జర ఆగుండ్రి మామయ్యా. దానికి ముందు, నల్ల క్లిప్ పైకి లేపాలె." అంటే రిబ్బను వెళ్ళేటప్పటికి క్లిప్పు పైకి లేచి ఉండాలన్నమాట. నేను మధ్యాహ్నం నుంచీ మూసి ఉన్న తలుపులోకి తోస్తున్నాను. క్లిప్పు లేపాను. రిబ్బను వెన్నలోకి కత్తిలా దిగింది. క్లిప్పు కిందికి నొక్కాను, చిన్న చప్పుడైంది. మా ఆవిడ ఆ చప్పుడు విని తల పంకించింది. స్విచ్చి రిబ్బను కూడా అదే మర్యాదతో వెళ్ళింది. ఆ తరువాత కీబోర్డు దించడం, పై పట్టీ నొక్కడం, తలకిందులు చేసి స్క్రూలు, బ్యాటరీ. అల్లుడు ఒక్కొక్క వాక్యం వెనక్కి నడుస్తూ, గొంతు పెంచుకుంటూ, చివరికి తన డెమో మొదటి మాట దగ్గరికి చేరుకున్నాడు. "అందరికీ నమస్కారం" అని చేతులు జోడించాడు. అమ్మాయి స్విచ్చి నొక్కింది. తెర వెలిగింది.

ఎవరమూ కేకలు వెయ్యలేదు. అమ్మాయి యంత్రం లాక్కుని అక్కడే మెట్టు మీద కూర్చుని టకటకా పని మొదలుపెట్టింది. ఫైలు ఐదింటికి కాస్త ముందే వెళ్ళింది. (నేను చాలా చోట్ల ఒక్క సెకను ముందు వెళ్ళిందని చెప్పాను. కాదు, తీరిగ్గానే వెళ్ళింది, మధ్యలో టీ కూడా తాగాం.) తరువాతి వారం ఆమెను పర్మనెంటు చేశారు.

పని అయిపోయాక కూడా ఎవరూ లేవలేదు. బయట తుంపర మొదలైంది, మెట్ల కిటికీలోంచి తడి గాలి వస్తోంది. మా ఆవిడ, పెళ్ళయిన దగ్గర్నుంచి అల్లుడితో "తిన్నారా, పడుకున్నారా" తప్ప మాట్లాడనిది, వాళ్ళ ఊళ్ళో మగ్గం కింద కాళ్ళుంచే గుంటలో వానాకాలం నీళ్ళొస్తే ఏం చేస్తారని అడిగింది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళ నాయనమ్మ గుంటలో నీళ్ళు తోడుతూ పాడే పాట సంగతి, తడి నూలు వాసన సంగతి. డెమో గొంతు కాదది, ఇంకేదో గొంతు, నేనెప్పుడూ విననిది. అమ్మాయి తల అతని భుజానికి కొద్దిగా ఆనింది. మా ఆవిడ అది చూసి, కిటికీ వైపు తిరిగి, వాన ఎప్పటికి తగ్గుతుందో ఏమోనంది. ఎప్పుడూ వాగే నేను ఆ సాయంత్రం ఒక్క మాట కూడా మాట్లాడలేదు. (మాట్లాడాను. చేగోడీలు ఇటు జరపమన్నాను.)

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. అమ్మాయీ అల్లుడూ సొంత ఇల్లు కొనుక్కున్నారు, తోచినప్పుడల్లా వచ్చి మా ఫ్రిజ్ ఖాళీ చేసి వెళ్తుంటారు. బిల్డింగుకు ఇప్పటికీ లిఫ్టు పెట్టలేదు. కూరగాయల సంచీతో పైకి ఎక్కేటప్పుడు మా గుమ్మం ముందు ఆ మలుపు దగ్గర నేను తప్పకుండా ఆగుతాను. సంచీ దించి, గోడకు ఆనుకుని, కాసేపు నిలబడతాను. "ఆయాసమా?" అంటుంది మా ఆవిడ లోపల నుంచి. ఆయాసం నాకేంటి, ఒక సాయంత్రాన్ని తలుచుకుంటూ నిలబడ్డానని చెప్పాలనిపిస్తుంది. అదే నిజం కూడా.

సగం నిజం. తక్కిన సగం ఆయాసమే.